చెప్పకూడని చోటు

అప్పలసూరికి ఎవరైనా తమ జీపీఎస్ మిషను బాగుచెయ్యమని ఇచ్చారంటే ఇంటి తాళాలు చేతిలో పెట్టినట్టే. అరచేతిలో ఇమిడే ఆ మిషనులో ఒక పడవ బతుకంతా ఉంటుంది. సముద్రం అడుగున రాళ్ళగుట్టలు ఎక్కడున్నాయి, ఏ రాయి దగ్గర ఏ కాలంలో కోనాం చేప తిరుగుతుంది, గులివింద ఎక్కడ గుంపు కడుతుంది, అన్నీ అందులో పాయింట్లుగా ఉంటాయి. మిషన్లు రాకముందు తాతలు అవే చోట్లని రామతీర్థం కొండనీ లైట్‌హౌస్‌నీ ఒక వరసలోకి తెచ్చుకుని, చూపుతోనే గుర్తుపెట్టుకునేవారు.

రాయి తెలిసినవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు. నేరుగా దాని దగ్గరికి వెళ్ళడు కూడా. ముందు ఇంకో దిక్కుకి పోయి, వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని అప్పుడు పడవ తిప్పుతాడు. దగ్గర్లో ఇంకో పడవ కనిపిస్తే వల వెయ్యకుండా బీడీ ముట్టించి కూచుంటాడు. తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ కొడుక్కి చుక్కాని పట్టడం వచ్చాక. అన్నదమ్ములు వేరుపడితే మెట్టవైపు రైతులు పొలం చెక్కలు పంచుకున్నట్టు వీళ్ళు రాళ్ళు పంచుకుంటారు.

చింతపల్లి లైట్‌హౌస్‌కి ఉత్తరాన ఉన్న ఆ పేటలో జీపీఎస్‌లూ వైర్‌లెస్ సెట్లూ బాగుచేసేది అప్పలసూరి ఒక్కడే. పడవ ఇంజను బెల్టులో పడి కుడిచేతి వేళ్ళు రెండు పోయాక అతను వేట మానేశాడు. విజయనగరంలో ఒక షాపులో కూచుని ఈ పని నేర్చుకున్నాడు. మిషను విప్పేముందు అందులోని పాయింట్లన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకుంటాడు. బాగయ్యాక మళ్ళీ మిషనులోకి ఎక్కించి, సొంతదారుణ్ణి పక్కన కూచోబెట్టుకుని, అతని కళ్ళ ముందే కంప్యూటర్లోంచి తుడిచేస్తాడు. పేటలోని రాళ్ళన్నీ ఏదో ఒక పూట అతని గదిలోంచి వెళ్ళినవే. ఒక్కటి కూడా అతని నోట్లోంచి బయటికి రాలేదు. భార్య కూర్మమ్మకి కూడా తెలియదు. ఆమె అన్నకి కూడా తెలియదు. వేళ్ళు పోయినవాడికి ఊళ్ళో మిగిలిన పరువు అదే.

నక్షత్రాల పని అతనికి ఒక గ్రహణం వల్ల తగులుకుంది. ఆ రోజు పేటంతా తలుపులు వేసుకుని కూచుంటే, గజపతినగరం కాలేజీలో ఫిజిక్సు చెప్పే తిరుమలరావు పిల్లల్ని వెంటబెట్టుకుని తీరానికి వచ్చి ఇసకలో దుర్భిణి నిలబెట్టాడు. పేటలో గడప దాటి వచ్చింది అప్పలసూరి ఒక్కడే. నల్లటి అద్దంలోంచి కొరికినట్టున్న సూర్యుణ్ణి చాలాసేపు చూసి, "మాస్టారూ, ఇది సూసీసినాక ఇంకేటైనా ఉందేటి?" అని అడిగాడు.

తిరుమలరావు నవ్వాడు. ఇంట్లో కంప్యూటరుందా అని అడిగాడు. ఉందన్నాడు అప్పలసూరి.

ఆస్ట్రేలియాలో ఒక పెద్ద డిష్ ఉంది. అది ఒక్కో నక్షత్రం వైపు తిరిగి, అక్కణ్ణించి వచ్చే రేడియో తరంగాలు పట్టుకుంటుంది. అక్కడెవరైనా ఉండి, వాళ్ళకీ మనలాగ వైర్‌లెస్సులుంటే, వాటి చప్పుడు ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి రావాలి. కానీ పట్టిన చప్పుడంతా వెతకాలంటే ఎంత పెద్ద కంప్యూటరూ చాలదు. అందుకని దాన్ని ముక్కలు చేసి, ఇష్టపడినవాళ్ళ ఇళ్ళకి పంపుతారు. ఇంట్లో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు దాని పాటికి అది వెతుక్కుంటుంది. దానికి అంతుపట్టనిది ఏదైనా ఉంటే బొమ్మగా చేసి చూపిస్తుంది. ఆ బొమ్మని మనిషి చూసి, ఇది మన భూమ్మీది చప్పుడా, కాదా అని చెప్పాలి. ఒక్కో బొమ్మని ముగ్గురికి పంపుతారు.

"ఇందులో మనకేటొస్తాది మాస్టారూ?"

"ఏమీ రాదండీ."

"ఏటీ రాదా?" అని అప్పలసూరి కాసేపు ఆలోచించాడు. "అయితే నాకూ ఒకటి ఎయ్యండి."

అప్పట్నించి ఆ గదిలో కంప్యూటరు పగలల్లా బుర్రుమంటూనే ఉంది. ఉప్పుగాలికి దాని ఫ్యాను తుప్పుపట్టి ఒకోసారి కీచుమనేది. కూర్మమ్మ పొయ్యి దగ్గర కూచుని ఆ చప్పుడుకి వంతపాడినట్టు సణిగేది. "ఎక్కడో సుక్కల్లో ఉన్నోలు మాటాడితే ఈయనకి ఇనబడతాదట. ఇంట్లో నాను పిలిస్తే ఇనబడదు."

కూర్మమ్మ అన్న సోములు, అప్పలసూరి చెల్లెల్ని చేసుకున్నవాడు, అయితే తీరంలో ఎదురుపడ్డప్పుడల్లా వదిలేవాడు కాదు. "ఏరా సూరీ, నీ సుక్కలోలు ఫోను సేసినారా? లేపోతే ఇంకా మిస్డు కాలేనా?"

"రింగవుతంది బావా. ఎత్తడం లేదు."

"ఆలకి నీ నెంబరు నచ్చలేదురా. ఫ్యాన్సీ నెంబరు తీసుకో."

అన్నీ నవ్వుతూనే వినేవాడు. కానీ బొమ్మలు చూసేటప్పుడు అతని మొహం మారిపోయేది. బొమ్మంటే పెద్దగా ఏమీ ఉండదు. నల్లటి పలక మీద చిరుచుక్కలు, పాత టీవీలో స్టేషను పోయినప్పటిలాగ. పైనుంచి కిందకి కాలం నడుస్తుంది. నేల మీద ఉన్న టవర్లదో, మరోదానిదో చప్పుడైతే నిటారుగా గీతలాగ దిగుతుంది. దూరం నుంచి వచ్చేదైతే వాలుతుంది, ఎందుకంటే ఇక్కడ భూమి తిరుగుతోంది, అక్కడ వాళ్ళ భూమి కూడా తిరుగుతూ ఉంటుంది. ఈ మాట తిరుమలరావు చెప్పినప్పుడు అప్పలసూరి వెంటనే పట్టుకున్నాడు. నీళ్ళు నిలకడగా ఉంటే లంగరు తాడు తిన్నగా దిగుతుంది. వాడి, అంటే నీటి లాగుడు, ఉంటే వాలుతుంది. అంతే కదా.

మరో గుర్తు కూడా ఉంది. డిష్ కాసేపు నక్షత్రాన్ని చూసి, కాసేపు పక్కకి తిరిగి, మళ్ళీ నక్షత్రాన్ని చూస్తుంది. మన చప్పుడైతే ఎటు తిరిగినా ఉంటుంది. అక్కడిదైతే అటు చూసినప్పుడే ఉండాలి.

అన్నేళ్ళలో అతను చూసిన బొమ్మలన్నీ మనవే. ప్రతిదానికీ 'మనదే' అని కొట్టి పంపేవాడు. విసుగు రాలేదు. ఇన్ని మనవని తేల్చి పక్కన పెడితే తప్ప ఒకటి బయటిది దొరకదని అతనికి తెలుసు. రాళ్ళు వెతికిన వంశం.

ఆ బొమ్మ వేసవిలో వచ్చింది. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసక మీద బోర్లించి ఉన్నాయి. మగవాళ్ళు కొబ్బరాకు పందిళ్ళ కింద వలలు బాగుచేసుకుంటున్నారు. నిషేధంలోనే మిషన్లన్నీ బాగుకి వస్తాయి కాబట్టి అప్పలసూరి బల్ల నిండా జీపీఎస్‌లున్నాయి. సోములుది కూడా ఉంది. దాని స్క్రీను పగిలింది, కొత్తది విజయనగరం నుంచి రావాలి.

పొద్దున్న టీ తాగుతూ కంప్యూటరు తెరిచాడు. బొమ్మ ఒకటి కనిపించింది. మామూలు చుక్కలే అనుకుని, కొట్టేయబోయి, గ్లాసు కింద పెట్టడానికి వెనక్కి వాలాడు. వెనక్కి వాలినప్పుడు కనిపించింది.

చాలా పల్చటి గీత. పై నుంచి కింద దాకా, మధ్యలో ఒకచోట తెగి, ఏటవాలుగా దిగుతోంది. దగ్గరికి వంగితే మాయమవుతోంది, వెనక్కి జరిగితే వస్తోంది. డిష్ నక్షత్రం వైపు ఉన్న మొదటి ముక్కలో ఉంది. పక్కకి తిరిగిన ముక్కలో లేదు. మళ్ళీ నక్షత్రం వైపు తిరిగిన ముక్కలో, ముందు ఆగిన వాలులోనే, ఆగినచోటుకి సరిగ్గా అందుకునేటట్టు ఉంది. మధ్యలో లేనంతసేపూ అది అక్కడ నడుస్తూనే ఉంది. చూడనిది ఇక్కడివాళ్ళే.

అప్పలసూరి కదల్లేదు. టీ చల్లారింది. పక్కింట్లో ఎవరో బకెట్టులోకి బోరింగు కొడుతున్నారు, కోడి ఒకటి గుమ్మంలోకి వచ్చి అటూ ఇటూ చూసి పోయింది. ఇవన్నీ జరుగుతూ ఉండగానే తన కళ్ళ ముందు ఇది కూడా ఉందన్న సంగతి అతనికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిన్నప్పుడు మొదటిసారి నాన్న పడవలో తీరం కనబడనంత దూరం వెళ్ళి, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని చోట పడవ అంచు పట్టుకున్నట్టే ఇప్పుడు బల్ల అంచు పట్టుకున్నాడు.

బొమ్మ కింద రెండు బటన్లున్నాయి. ఒకటి 'మనదే'. రెండోది 'తెలియదు'. రెండోది కొడితే చాలు.

చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆ చెయ్యి ఎందుకాగిందో ఆలోచించే లోపలే, కంప్యూటరు తనంతట తాను ఏదీ పంపకుండా, అతను వెనకనున్న నెట్టు వైరు పీకేశాడు.

బీడీ ముట్టించి కూచున్నాడు.

ఆ తరవాత రోజులు అతను రాయి దొరికినవాడిలాగే మెలిగాడు. అది కావాలని చేసింది కాదు, ఒంట్లో ఉన్నదే బయటికి వచ్చింది. ఎవరైనా గదిలోకి వస్తే కంప్యూటరు మీద తువ్వాలు కప్పేవాడు. తిరుమలరావు ఫోను చేసి పలకరిస్తే, ఎండల గురించి మాట్లాడాడు. రోజూ పొద్దున్న టిఫిను అయ్యాక ఇసకలోకి పోయి, ఫోనులో నక్షత్రాల యాప్ తెరిచి, తూర్పుకి కాస్త ఉత్తరంగా, సముద్రం మీదికి పెట్టేవాడు. ఆ బొమ్మ తాలూకు నక్షత్రం ఆ వేళకి నీళ్ళలోంచి లేస్తుంది. ఎండ వెలుతురులో కంటికి కనబడదు, ఫోనులో మాత్రం సన్నటి చుక్కగా చూపిస్తుంది. దానికి పేరు లేదు, నెంబరే. అక్కణ్ణించి ఇక్కడికి వెలుతురు రావడానికి పట్టే కాలం చూసుకుంటే, ఆ గీత బయల్దేరినప్పటికి అతని తాత ఇంకా పుట్టలేదు. అప్పలసూరి అది తలుచుకుని ఫోను దించి, వట్టి కళ్ళతో ఆ వట్టి ఆకాశాన్ని చూసేవాడు. ఈ భూమ్మీద ఆ చోటు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటే గుండె నిండిపోయేది.

సోములు ఇదంతా పందిరి కింద నుంచి చూస్తూనే ఉన్నాడు.

ఒక పొద్దున్న అతను అప్పలసూరి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "ఒరే సూరీ, నా మిషనిచ్చీ."

"స్క్రీను రావాల బావా. రెండ్రోజుల్లో వస్తాదన్నారు."

"రాకపోతే మానె. పగిలిందే ఇచ్చీ."

అతని గొంతు విని కూర్మమ్మ గరిట పట్టుకునే ఇటు తిరిగింది. అప్పలసూరి అలవాటుగా తువ్వాలు తీసి కంప్యూటరు మీద వేశాడు.

"అదిగో!" అన్నాడు సోములు. "అదేటది? నాను వచ్చీసరికి దేని మీద కప్పుతన్నావు?"

"ఏటీ లేదు బావా."

"ఏటీ లేనిదానికి తువ్వాలెందుకురా? రోజూ పొద్దున్నే ఇసకలో నిలబడి ఫోను పెట్టి ఎటు కొలుస్తన్నావు? నా రాయి ఏపు కాదేటి? నా తండ్రి సూపిన రాయది. నీ సెల్లి దాని మీదే బతుకుతంది. ఎవులికి అమ్మినావు? పెద్ద బోట్లోలకేటి?"

అప్పలసూరి మొహం పాలిపోయింది. ఎవరైనా చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"అన్నయ్యా," అంది కూర్మమ్మ, "ఆ మాట ఎనక్కి తీసుకో. ఈయన నాకే సెప్పడు, బోట్లోలకి సెప్తాడా?"

"అయితే తువ్వాలు తియ్యమను సెల్లీ."

గదిలో కంప్యూటరు ఫ్యాను కీచుమంటోంది. అప్పలసూరి ఇద్దరి మొహాలూ చూశాడు. ఈ తువ్వాలు తియ్యకపోతే ఈ పూట నుంచి పేటలో ఒక్క మిషను కూడా తన బల్ల మీదికి రాదు. తీస్తే, ఆ చోటు ఇంక తనది కాదు.

తువ్వాలు తీశాడు.

సోములు గుమ్మం దాటి వచ్చి స్క్రీనుకి ముక్కు ఆనించాడు. "ఏటిది? సినుకులు పడ్డట్టున్నాది. నా రాయేదీ?"

"ఇందులో నీ రాయి లేదు బావా. ఇది సముద్రం కాదు."

"మరి?"

"గీత ఉన్నాది కదా అన్నయ్యా," అంది కూర్మమ్మ పొయ్యి దగ్గర నుంచే. "ఓరగా. తాడేసినట్టు."

సోములు వెనక్కి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. గోడ తగిలాక ఆగాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది.

అప్పలసూరి చెప్పడం మొదలుపెట్టాడు. డిష్ అటు చూసినప్పుడు ఉంది, పక్కకి చూసినప్పుడు లేదు. నిటారుగా లేదు, వాలింది. టవరు కాదు, విమానం కాదు. తాత పుట్టకముందు బయల్దేరింది. సోములు మధ్యలో ఒక్క వెటకారం కూడా ఆడలేదు.

"ఎవులుదది?" అన్నాడు చివరికి.

"తెలీదు."

"నిజంగా తెలీదా, నాకు సెప్పవా?"

"నిజంగా తెలీదు బావా. తెలిసినోడు ఎవుడూ లేడు."

"మరి దాసినావెందుకురా? ఎవులుదో తెలీనిది నీదెలాగైనాది?" సోములు నేల మీద చతికిలబడ్డాడు. "నా రాయి నాను దాస్తాను. ఎందుకు? ఇంకోడు వల ఏస్తే నా సేపలు తగ్గిపోతాయని. దీన్ని ఇంకోడు సూస్తే ఇందులో ఏటి తగ్గుతాది?"

అప్పలసూరి తువ్వాలు మడతపెట్టాడు. తగ్గదు. కానీ తాను తగ్గుతాడు.

"మాస్టారికి ఫోను సెయ్," అంది కూర్మమ్మ.

తిరుమలరావు మొత్తం విన్నాడు. బొమ్మ నెంబరు అడిగి, తన కంప్యూటరులో దాన్ని వెతికి చూసుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు తొందర తొందరగా మాట్లాడాడు.

"ఎన్నాళ్ళైంది సూరిగారూ?"

"రెండు వారాలు దాటింది."

"ఈ బొమ్మ మీతో పాటు ఇంకో ఇద్దరికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ 'మనదే' అని కొట్టేశారు. పల్చగా ఉంది కదా, వాళ్ళకి కనబడి ఉండదు. మూడోవాళ్ళు మీరు. మీరు పలకలేదు కాబట్టి ఇది తీసెయ్యాల్సిన వాటిలోకి పోయింది. తీసేస్తే అసలు రికార్డింగు కూడా చెరిపేస్తారు. వాళ్ళకి చోటు చాలదు."

అప్పలసూరి అప్పటికే బల్ల కింద వంగి నెట్టు వైరు కోసం తడుముతున్నాడు.

"ఇంకో సంగతి," అన్నాడు తిరుమలరావు. "సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరికి వచ్చేస్తున్నాడు. మరీ దగ్గరైతే డిష్‌కి ఆయన రొద తప్ప ఇంకేమీ వినబడదు. మళ్ళీ వినాలంటే వానలు వెళ్ళాలి. అప్పటిదాకా అది మోగుతుందో లేదో ఎవరికి తెలుసు? ఇప్పుడే పంపండి. మాట్లాడుతూనే పంపండి."

వైరు దొరికింది. సగం పోయిన చేత్తో అది దూరడం లేదు. సోములు లాక్కుని దూర్చాడు.

'తెలియదు' కొట్టాక, కింద ఏదైనా రాయమని గడి ఒకటి తెరుచుకుంది. అప్పలసూరికి ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం రాదు. తెలుగులోనే కొట్టాడు: 'దూరంగా నిలబడి చూడండి.' ఆ మాటని తిరుమలరావు ఇంగ్లీషులో పెట్టి, ఈ బొమ్మలు చూసేవాళ్ళందరికీ బొమ్మతో పాటు కనబడేటట్టు చేశాడు.

మధ్యాహ్నానికి జవాబులు రావడం మొదలైంది. ఫోనులో ఒకొకటీ తిరుమలరావు చదివి వినిపించాడు. పోలండులో బస్సు నడిపే ఆయన చూశానన్నాడు. ఫిలిప్పీన్సులో ఒక నర్సు, డ్యూటీ దిగి వచ్చి చూశానంది. ఎక్కడో చలిదేశంలో ఒక ముసలాయన గదిలో దూరం చాలక, స్క్రీనుని కిటికీ బయట పెట్టి, వీధికి అవతల నిలబడి చూశాడట. ముందు 'మనదే' అని కొట్టిన ఇద్దర్లో ఒకామె, 'నేను దగ్గరగా కూచున్నాను. క్షమించండి, ఇప్పుడు కనబడుతోంది' అని రాసింది.

కూర్మమ్మ అన్నం వార్చడం మరిచిపోయింది. "ఈలందరూ నీలాగే ఇల్లల్లో కూసుని ఇదే సూస్తన్నారా మావా?"

"ఇదే."

"ఆల పెల్లాలు ఏటీ అనరా?"

"అంటారు గావాల," అన్నాడు సోములు. "బాసలు ఏరు గానీ తిట్లు అయ్యే కదా."

ముగ్గురూ నవ్వారు. నవ్వాక మళ్ళీ స్క్రీను వైపు చూశారు.

డిష్‌ని మళ్ళీ అటు తిప్పుతారన్న కబురు రెండో రోజే వచ్చింది. సూర్యుడు మరీ దగ్గరపడే లోపల వాళ్ళకి ఒక్కసారే వీలైంది. ఆ రోజుల్లో అప్పలసూరి అన్నం ముందు కూచుని కూడా ఫోను వంకే చూశాడు. సోములు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి కనుబొమలెగరేసేవాడు. ఇతను తల అడ్డంగా ఊపేవాడు. సోములు మిషను స్క్రీను వచ్చింది, బిగించడం అయింది. పాయింట్లు తుడిచేటప్పుడు పక్కన కూచోమంటే, "నీ పాటికి నువ్వు తుడుసుకో. నాకు పనున్నాది" అని వెళ్ళిపోయాడు. క్షమాపణకి అతనికి తెలిసిన దారి అదే.

తిరుమలరావు ఫోను చెయ్యలేదు. నిషేధం ముగిసే ముందు రోజు పొద్దున్నే బండి మీద గజపతినగరం నుంచి స్వయంగా వచ్చాడు. హెల్మెట్ తీస్తున్నప్పుడే అతని మొహం చూసి అప్పలసూరికి అర్థమైంది.

"వినబడలేదు సూరిగారూ. ఉన్నంతసేపూ విన్నారు. చప్పుడు లేదు."

కూర్మమ్మ మంచినీళ్ళిచ్చింది. తిరుమలరావు తాగి చెంబు కింద పెట్టాడు.

"గీత తప్పా మరి?" అన్నాడు అప్పలసూరి.

"కాదు. గీత ఉంది. మనది కాదనే అందరూ తేల్చారు. రికార్డింగు చెరపరు. ఎప్పటికీ ఉంచుతారు. కానీ ఒక్కసారి విన్నదాన్ని ఫలానా అని చెప్పకూడదు. రెండోసారి వినబడితేనే చెప్పాలి."

అప్పలసూరి బల్ల మీద ఉన్న ఒక స్క్రూని అటూ ఇటూ దొర్లించాడు. "నాను ఆ రోజే సెప్పుంటే?"

"డిష్ ఇంకా చాలాసార్లు అటు తిరిగేది."

"అప్పుడు ఇనబడేదా?"

"తెలీదు." తిరుమలరావు ఆ మాటని మెత్తగా చెయ్యడానికి ప్రయత్నించలేదు. "వినబడేదేమో. అప్పటికే ఆగిపోయిందేమో. అది నాకు తెలీదు, మీకు తెలీదు. ఎవరికీ ఎప్పటికీ తెలీదు."

అప్పలసూరి తల ఊపాడు. ఏడవలేదు. స్క్రూని డబ్బాలో వేసి వేరే మాట అడిగాడు. "అది పోయిందా మాస్టారూ? ఇప్పుడెక్కడున్నాది?"

"ఎక్కడికి పోతుంది? వెళ్తూనే ఉంది. ఉగాది వెళ్ళాక, ఒక మధ్యాహ్నం పూట డిష్ దాన్ని పట్టింది. మనల్ని దాటి ఇప్పటికి గ్రహాలన్నీ దాటేసి ఉంటుంది. దారిలో దాన్ని ఆపేవాళ్ళు ఎవరూ లేరు."

"మనల్ని దాటడం ఏటి?" అంది కూర్మమ్మ. "డిష్ మీద కదా పడినాది."

"డిష్ మీద ఒక్కదాని మీదే ఎలా పడుతుందమ్మా? ఎండ ఒక ఇంటి మీదే పడుతుందా? అటు మొహం తిరిగి ఉన్న భూమంతా తడిసినట్టే. ఆ వేళకి ఆ నక్షత్రం మీ సముద్రం మీద లేచి ఉంది. మీ పేట మీద కూడా పడింది."

కూర్మమ్మ వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. "ఉగాదెల్లాక మజ్జానం పూటంటే నాను ఇసకలో ఎండుసేపలు తిరగేస్తుంటాను."

"బావోలు ఏట నుంచి వస్తుంటారు," అన్నాడు అప్పలసూరి.

కూర్మమ్మ తన ముంజేతిని ఒకసారి చూసుకుంది. అక్కడ తడి ఏమైనా మిగిలిందేమోనన్నట్టు రెండో చేత్తో తడుముకుంది. అప్పలసూరి ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాడు. తాను తువ్వాలు కప్పి దాచిన రోజులన్నిటికీ ముందే అది ఈ ఇంటి మీద పడింది. ఆ వేళకి తాను తిని పడుకుని ఉంటాడు. కంచం కడగడానికి వాకిట్లో పెట్టి ఉంటుంది. అందరి మీదా పడింది, ఎవరికీ తెలియకుండా.

లేచి చెప్పులు వేసుకున్నాడు.

తీరంలో పేటంతా ఉంది. మర్నాడు వేటకి దిగాలి కాబట్టి ఐసు పెట్టెలు కడుగుతున్నారు, బోర్లించిన పడవల్ని తిరగేస్తున్నారు, ఇంజన్లకి డీజిలు పోస్తున్నారు. అప్పలసూరి వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. అతను అలా నిలబడటం ఎవరికీ అలవాటు లేదు. సోములు పనాపి చూశాడు.

"ఒక చోటు సెప్తాను," అన్నాడు అప్పలసూరి. "అందరూ ఇనండి."

ఆ మాటకి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆ నోట్లోంచి ఒక చోటు బయటికి రావడం అంటే ఏమిటో వాళ్ళందరికీ తెలుసు. ఒకరిద్దరు తమ రాయేమోనని భయపడ్డారు కూడా.

"ఒరే, ఎవుడి కొంప తీస్తావురా?" అన్నారెవరో.

"ఎవుడిదీ కాదు. సముద్రంలో కాదు. పైన."

చెప్పాడు. గీత గురించి చెప్పాడు. తాను దాచిన సంగతి కూడా చెప్పాడు, అందువల్ల ఏమి పోయి ఉండవచ్చో కూడా. కొందరు నవ్వారు. కొందరు సోములు మొహం చూశారు. సోములు నవ్వడం లేదని చూసి వాళ్ళూ ఆపేశారు.

"గురుతులు సెప్పు," అన్నాడు సోములు, రాయి అడిగినట్టే. "రెండు గురుతులు లేందే చోటెలాగ దొరుకుతాది?"

"సూర్యుడొకటి. మీ పిడికిలొకటి. సెయ్యి తిన్నగా సాపి పిడికిలి బిగించండి. సూర్యుడి కింద ఆ పిడికిలి పట్టండి. పిడికిలి ఎక్కడ అయిపోతాదో, అక్కడ. సూర్యుడికేసి సూడకండి, రెండో సెయ్యి అడ్డు పెట్టుకోండి."

డీజిలు చేతులూ, వల చేతులూ లేచాయి. అంత పొద్దున్నే మిరుమిట్లు గొలిపే ఎండలో, నీళ్ళ మీద, ఎవరికీ ఏమీ కనబడని ఒక చోటికి పేటంతా మొహాలెత్తింది. కెరటాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంజను కట్టేయడం మరిచిపోయిన పడవ ఒకటి కాసేపు టకటకమని, ఎవరో వెళ్ళి ఆపితే అదీ ఊరుకుంది.

ముసలి జగ్గమ్మకి చూపు ఆనదు. ఎండుచేపల గంప దించి అటూ ఇటూ తిప్పుకుంటోంది చెయ్యి. "ఇక్కడేటి సూరీ? ఇక్కడా?"

అప్పలసూరి ఆమె పక్కకి వెళ్ళి, మిగిలిన మూడు వేళ్ళతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కొంచెం ఎడమకి జరిపాడు. ఇంకొంచెం కిందకి దించాడు.

"ఇక్కడ," అన్నాడు.